బొమ్మలు ఆగిన చోటు

తాన్‌జోంగ్ పగార్‌లోని ఆఫీసుకి భువన అందరికంటే ముందు, ఎనిమిదింబావుకల్లా చేరేది. ఉద్యోగం మీద ప్రేమ కొద్దీ మాత్రం కాదు. మనుషుల్ని ఇళ్లకి చేర్చే పని ఆమెది. బ్యాగు కుర్చీలో పడేసి, చిన్న పట్టకారు తీసుకుని, హాల్లో పింగ్‌పాంగ్ బల్లంత ఉన్న మోడల్ దగ్గరికి వెళ్లేది. చైనాలో చెంగ్డూ ఊరి చివర కట్టబోయే కాలనీ మోడల్ అది. ముప్ఫై ఆరు తెల్లటి అట్ట భవనాలు, స్పాంజి చెట్లు, నాలుగు వందల మంది జనం. ఒక్కొక్కరు కందిగింజంత.

ఆ జనం రాత్రంతా తిరిగేవారు. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. ఊడ్చే ఆవిడ బల్ల కింద చీపురు పెట్టేముందు ఎవరైనా జారిపడ్డారేమోనని వంగి చూసేది. కుర్రవాళ్లు తెల్లారేసరికి బుద్ధిగా తమ గుమ్మాల్లోకి వచ్చేసేవారు. తంటా అంతా బూడిదరంగు తలల పెద్దవాళ్లతోనే. రోడ్డు వారన, గోడ పక్కన, కార్లు పెట్టే చోట, ఎక్కడంటే అక్కడ ఉండిపోయేవారు. భువన ఒక్కొక్కరినీ పట్టకారుతో ఎత్తి, పాదాల కింద రాసిన నంబరు చూసి, ఇంటిముందు దింపేది. "ఏం మామ్మా, మళ్లీ ఇక్కడేనా?" అని విసుక్కునేది. విసుక్కున్నా దింపడం మాత్రం మెల్లగానే దింపేది.

అది రెండువేల సంవత్సరం. కంప్యూటరు వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒక దేశం వీసా దొరుకుతున్న కాలం. చీనా, మలయ్ జనం కలిసుండే ఈ ద్వీపదేశానికి భువనకీ అలాగే దొరికింది. భువన రాసిన ప్రోగ్రాముకి కాలనీ పటం ఇస్తే చాలు. ఆస్పత్రి, కూరగాయల మార్కెట్టు, క్యాంటీను, పెద్దవాళ్ల క్లబ్బు ఎక్కడ కట్టాలో లెక్కగట్టి, చుట్టూ అయిదు వందల మీటర్ల గీత గీసి చూపించేది. చెంగ్డూ కాలనీకి అన్నీ కలిపి గేటు పక్కన ఒకే పెద్ద భవనంలో పెట్టింది. ముప్ఫై ఆరు ఇళ్ల భవనాలూ ఆ గీత లోపలే పడ్డాయి. ఆ రోజు భువన తనకి తానే ఐస్‌క్రీం కొనిపెట్టుకుంది.

సాయంత్రం బుకిట్ బటోక్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటుకి చేరేసరికి అత్తగారు కమలాదేవి తలుపు తీసేది. భువన భర్త కృష్ణచైతన్య బ్యాంకు కంప్యూటర్ల పని మీద నెలలో సగం రోజులు జకార్తాలోనే ఉండేవాడు. కమలాదేవి తణుకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్లు ఆపరేటరుగా చేసింది. ఊళ్లో ఏ గొంతు ఎవరిదో, ఎవరికీ ఎవరికీ మాటల్లేవో అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. ఆవిడ వచ్చి ఎనిమిది నెలలైంది. ఇంట్లో అడుగుపెట్టగానే ఆ గొంతు వినబడకపోతే భువనకి అన్నం సయించని స్థితి వచ్చేసింది.

"ఇవాళ మార్కెట్టుకి వెళ్లారా అత్తయ్యా?"

"వెళ్లానమ్మా. కూరలేం బాలేవు, వచ్చేశాను."

రోజూ ఇదే మాట. బుకిట్ బటోక్‌లో మంచి వంకాయ పండదు కాబోలనుకుని, భువన ఆదివారాలు లిటిల్ ఇండియా వెళ్లి కూరలు మోసుకొచ్చేది.

ఒకరోజు భోజనాల దగ్గర కమలాదేవి కంచంలోకి చూస్తూ అంది. "నన్ను తణుకు పంపించెయ్యమ్మా."

భువన ముద్ద కంచంలో పెట్టేసింది. "నేనేమైనా అన్నానా అత్తయ్యా?"

"నువ్వేమంటావే పిచ్చిదానా. నువ్వు వచ్చేదాకా మాట్లాడ్డానికి మనిషి లేడు. మొన్న ఎవరో రాంగ్ నంబరు చేస్తే పావుగంట మాట్లాడాను. అతనికి తెలుగు రాదు. పాపం, ఆఖరిదాకా విన్నాడు."

భువనకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ లేచి వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి ఏడ్చింది. పంపక తప్పదని తెలుసు. పంపించడం మాత్రం ఇష్టం లేదు. రెండు వారాల తర్వాత బుధవారానికి టిక్కెట్టు కొన్నారు.

ఆ బుధవారం ముందు శనివారం భువనకి ఒంటిపూట ఆఫీసు. అక్కణ్ణించి ముస్తఫా షాపుకి వెళ్లి తణుకు వాళ్లకి సామాన్లు కొందామని అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది. సోమవారం చెంగ్డూ నుంచి అధికారులు మోడల్ చూడ్డానికి వస్తున్నారు. భువన మేనేజరు క్వెక్‌గారు జిగురు ట్యూబు పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతున్నాడు.

"వీళ్లు సోమవారం కదలకూడదు లా. అందరినీ ఇంటిముందు పెట్టి అంటించెయ్," అన్నాడు, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం ఇంగ్లీషు మాట చివర ఓ "లా" తగిలిస్తూ.

భువన పట్టకారు తీసింది. కమలాదేవి కళ్లజోడు సర్దుకుని మోడల్ మీదికి వంగింది.

"వీళ్లంతా ఎక్కడికి బయల్దేరారమ్మా?"

"ఎక్కడికీ లేదు అత్తయ్యా. పెద్దవాళ్లు కదా, దారి తప్పుతారు."

"దారి తప్పినవాళ్లు తలో దిక్కూ చూస్తారే. వీళ్ల మొహాలన్నీ ఒక్కవైపే ఉన్నాయి చూడు."

భువన చూసింది. నిజమే. గోడ పక్కన ఉన్నవాళ్లు, చెట్టు కింద ఉన్నవాళ్లు, అందరూ గేటు పక్కన భవనం వైపే చూస్తున్నారు.

"అక్కడికే వెళ్దామనుకున్నారు. నడవలేక ఆగిపోయారు," అంది కమలాదేవి.

"మీకెలా తెలుసు?"

"నేనూ రోజూ అంతేగా. ఉత్తరాల పెట్టెలు దాటి బస్టాపు దాకా వెళ్తాను. అక్కడ మోకాళ్లు పట్టేస్తాయి. మీ మార్కెట్టు మొహం నేనింతవరకు చూళ్లేదు."

"మరి కూరలు బాలేవని చెప్పారు?"

"కూరలు బాలేవంటే ఊరుకుంటావు. మోకాళ్లు బాలేవంటే ఊరుకుంటావా? ఆస్పత్రులన్నీ తిప్పవూ?"

భువన పట్టకారు కింద పెట్టేసింది. తల తీసేసినట్టయింది. నాలుగు నెలలుగా ఆమె చేసిన పనేమిటి? ఆపసోపాలు పడుతూ అంతదూరం నడిచొచ్చిన ముసలివాళ్లని పొద్దున్నే ఎత్తుకెళ్లి మళ్లీ మొదటి గుమ్మంలో దింపడం. ఇంట్లో ఉన్న మనిషిని అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ అడగకపోవడం.

ఆమె ఇంగ్లీషులో చెప్పిందంతా విని క్వెక్‌గారు జిగురు ట్యూబుకి మూత పెట్టాడు. "మా అమ్మ కూడా రోడ్డు దాటే ఓవర్‌హెడ్ బ్రిడ్జి మెట్ల దగ్గర ఆగిపోతుంది లా," అన్నాడు. పెద్దవాళ్లు గుంపుగా ఆగిన చోట్లు నాలుగు లెక్కతేలాయి. ఒక్కోచోట ఒక్కో టూత్‌పిక్ జెండా గుచ్చారు. ఎవరినీ కదపలేదు.

జెరాక్స్ మిషను పక్కన పాత మోడల్ ఇంకోటి దుమ్ము పట్టి ఉంది. అది బుకిట్ బటోక్‌ది, జనం లేనిది. కమలాదేవి అడిగితే భువన తమ బ్లాకు ఏదో చూపించింది. ఆవిడ చెంగ్డూ మామ్మల్లో ఒకామెని రెండు వేళ్లతో ఎత్తి తెచ్చి లిఫ్టు ముందు నిలబెట్టింది.

"నేనెలాగూ వెళ్లిపోతున్నాను. నాకు బదులు నువ్వైనా ఆ మార్కెట్టేదో చూసి రా తల్లీ," అంది.

సోమవారం పొద్దున్నే భువన ముందు ఆ పాత మోడల్ దగ్గరికే పరిగెత్తింది. లిఫ్టు ముందు మామ్మ లేదు. బస్టాపు దగ్గర లేదు, మార్కెట్టు దారంతా లేదు. వెతగ్గా వెతగ్గా బ్లాకు వెనకాల కనిపించింది. కార్లు పెట్టే చోటు దాటి, రెండో బ్లాకు కింద, గోడలు లేకుండా ఖాళీగా వదిలిన చోట, స్తంభాల మధ్య. కూర్చుని ఉంది. ఇన్ని నెలల్లో ఒక్క బొమ్మ కూర్చోవడం భువన ఎరగదు.

వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. "అత్తయ్యా, లిఫ్టు దిగి రోడ్డువైపు కాదు, వెనకవైపుకి వెళ్లండి."

"వెనకేముందే? అటు ఎప్పుడూ ఎవరూ వెళ్లరుగా."

"మనం వెళ్లలేదంతే. రెండో బ్లాకు కిందికి."

"ఎన్ని అడుగులు?"

భువన స్కేలు పెట్టి కొలిచింది. "నూట అరవై."

"అయితే పర్లేదు," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

పది గంటలకి చెంగ్డూ వాళ్లొచ్చారు. వాళ్లలో పెద్దావిడ, తెల్లజుట్టు ఇంజనీరమ్మ, జెండాల దగ్గర చాలాసేపు నిలబడింది. క్వెక్‌గారు సంగతి చెప్పాడు. ఆవిడ కుర్చీ తెప్పించుకుని కూర్చుని, మోకాలు రాసుకుంటూ, గేటు పక్క పెద్ద భవనం తీసేసి నాలుగు చిన్నవి కట్టమంది. అందరూ చప్పట్లు కొట్టారు. భువన మాత్రం పదకొండింటికి, ఒంటిగంటకి, మూడింటికి ఇంటికి ఫోన్ చేస్తూనే ఉంది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ముప్ఫై ఏళ్లు ఏ ఫోన్నీ రెండోసారి మోగనివ్వని మనిషి ఎత్తకపోతే ఏమనుకోవాలి? ఎక్కడో పడిపోయి ఉంటుంది. బొమ్మ మాట నమ్మి పంపించింది తనే. పర్మిషన్ అడిగి, రైలెక్కి, బ్లాకు వెనక్కి పరిగెత్తింది.

రెండో బ్లాకు కింద రాతి బల్ల చుట్టూ నలుగురు ఆడవాళ్లు కూర్చుని పెసర మొలకల తోకలు తుంచుతున్నారు. వెనక చిన్న కిరాణా కొట్టు, గుమ్మంలో కరివేపాకు కట్టలు, నవనవలాడే వంకాయలు. కమలాదేవి తెలుగులో ఏదో చెబితే, పక్కనున్న షహజాది అనే ఆవిడ దాన్ని మలయ్‌లో ఇంకొకావిడకి చెబుతోంది. ఆవిడ తనకొచ్చినట్టు చీనా మామ్మకి చేరవేస్తోంది. చివర మామ్మ పళ్లు లేని నోటితో పకపకా నవ్వగానే, నవ్వు అదే దారిన కమలాదేవి దాకా తిరిగొస్తోంది. ఎక్స్ఛేంజిలో లైను కలిపినట్టే ఉంది.

"ఫోనెందుకు ఎత్తలేదు అత్తయ్యా?" అడిగింది భువన.

"ఇంట్లో ఉంటే కదే ఎత్తడానికి!"

షహజాది జరిగి చోటిచ్చింది. "కోడలా? రా బేటా, కూర్చో. మాది హైదరాబాద్, మల్లేపల్లి. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లాయె. బుధవారం మా ఇంట్ల ఖుబానీ కా మీఠా చేస్తున్న. కమలమ్మను పంపాలె."

"బుధవారం ఆవిడ ఊరికి..." అంటూ భువన అత్తగారి వైపు చూసింది.

కమలాదేవి మొలక తోక తుంచి గిన్నెలో వేసింది. "ఆ టిక్కెట్టు వెనక్కిచ్చెయ్యమ్మా. విమానానిదేముంది, రోజూ ఎగురుతుంది."

భువన ఆవిడ భుజం మీద తల ఆనించింది. చీనా మామ్మ ఆమె ముందుకి గుప్పెడు మొలకలు తోసింది.

మంగళవారం పొద్దున్న చెంగ్డూ మోడల్లో బూడిదరంగు తలలు లెక్కపెడితే మూడు తక్కువొచ్చాయి. భువన జెరాక్స్ మిషను దగ్గరికి వెళ్లింది. రెండో బ్లాకు కింద ఇప్పుడు నలుగురు కూర్చుని ఉన్నారు. చేతిలో పట్టకారుని సొరుగులో పడేసి, ఇంటికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు. నవ్వుకుంటూ పెట్టేసి, పనిలో పడింది.