పుస్తకం లేని చదువు

ఆవు బొమ్మ వంకరగా అంటుకుంది. సొన్నమ్మ టీచరు దాన్ని గోటితో పెకలించి, మైదా జిగురు మళ్లీ రాసి, అట్టముక్క మీద అరచేత్తో అదిమింది. పొద్దున్నుంచి ఇది నలభయ్యో కార్డు. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. పదకొండు గంటలకు బడికి రమ్మన్న పిల్లల తల్లిదండ్రులు పన్నెండైనా రాలేదు.

కన్నడ రాష్ట్రంలో, బేతమంగళ దగ్గర తెలుగు మాట్లాడే ఈ ఊరి బడిలో ఆమెకిది ఇరవై ఆరో ఏడు. రోజూ ఆండర్సన్‌పేట నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులోనే పోతుంది. నాయన బంగారు గనిలో ముప్ఫయ్యేళ్లు దిగి, దగ్గుతో మంచాన పడి, "నువ్వన్నా వెలుతుర్లో పని చేసుకోమ్మా" అని ఆమెను టీచరు ట్రైనింగుకు పంపినాడు. ఈ ఇరవై ఆరేళ్లలో పాఠాలు నాలుగుసార్లు మారాయి. మార్చినవాళ్లెవరూ ఈ ఊరికి రాలేదు. ఊరికి చెప్పాల్సింది మాత్రం ప్రతిసారీ సొన్నమ్మే.

చివరికి పదిమంది వచ్చి చాపల మీద కూర్చున్నారు. కన్నడంలో వచ్చిన ఉత్తర్వును ఆమె తెలుగులో విడమరిచింది. ఒకటి, రెండు, మూడు తరగతులు ఇక ఒకే గదిలో. పుస్తకాల బదులు కార్డులు. ఏ బిడ్డ ఎంత నేర్చుకుంటే అంత ముందుకు పోవచ్చు. ఏడాది చివర పెద్ద పరీక్ష లేదు.

పట్టుపురుగులు పెంచే తిమ్మరాయప్ప ముందుగా నోరు తెరిచినాడు. ఆయన మనవరాలు మునిరత్న మూడో తరగతి.

"మా పాపను ఒకటో క్లాసు బిడ్డల పక్కన కూసోబెడ్తారా?"

"పక్కన కూసుంటాదప్పా. దాని పాఠం దానిదే."

"పుస్తకం యాడ?"

"పుస్తకం లేదు. కార్డులుండాయి."

"కార్డులా? ఆడేదానికా?"

వెనక ఎవరో నవ్వారు. సొన్నమ్మ మొదటి నుంచి మళ్లీ చెప్పింది. మూడోసారి చెప్పడం అయిపోతుండగా, ఊర్లో పాలు పోసే దొడ్డమ్మ క్యాను గుమ్మంలో పెట్టి ఆలస్యంగా లోపలికి వచ్చింది. "ఏమమ్మా, పుస్తకాలు ఇంగా రాలేదా?"

సొన్నమ్మ కళ్లు మూసుకుని తెరిచింది.

"మీరు అడిగేదంతా నేనూ అడిగినానమ్మా, అయిదు దినాల ట్రైనింగులో. నాకూ సరిగ్గా చెప్పలేదు. నాకూ ఇది నచ్చలేదు. కానీ బిడ్డలు నేర్చుకుంటా ఉండారు. రండి, చూడండి." విసురుగా మునిరత్నను పిలిచి కార్డులు ముందు పోసింది. ఆ పిల్ల ఎవరినీ చూడకుండా వాటిని వరసగా పేర్చి, పదకొండు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా చదివింది. తర్వాత పక్కనున్న ఒకటో తరగతి పాప వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించింది.

తిమ్మరాయప్ప ఒక కార్డు తీసి అటూ ఇటూ తిప్పి చూసినాడు.

"సదువుతాది, కాదన్లేదు. కార్డులన్నీ బడిలోనే పెడ్తిరి. ఇంటికాడ ఏమి సదవాల? నాకు సదువు రాదు తల్లీ. అది పేజీలు తిప్పేది చూసి, సదువుతా ఉండాదని తెలుసుకుంటా ఉంటి. ఇప్పుడు నేనేమి చూడాల?"

ఇరవై ఆరేళ్లలో ఆమెను ఎవరూ ఇది అడగలేదు. సొన్నమ్మ ట్రైనింగులో ఇచ్చిన కాగితాలు తిరగేసింది.

"సోమారం టీసీ రాసియ్యండి. కాన్వెంటు వ్యాను ఊర్లోకే వస్తాది," అంటూ ఆయన లేచినాడు. ఆయనతో పాటు మరో ముగ్గురు లేచారు. నలుగురు పిల్లలు పోతే, ఆ లెక్కకు బడిలోని ఇద్దరు టీచర్లలో ఒకరే మిగులుతారు; సొన్నమ్మ పోస్టుకే ఎసరు. అది తిమ్మరాయప్పకు తెలియదు. ఆమె చెప్పనూ లేదు. బిడ్డను తన ఉద్యోగం కోసం ఆపమన్నట్టు ఉంటుందని ఊరకుంది.

బడి వదిలాక గదికి తాళం వేసి బస్టాపుకు నడిచింది. మధ్యాహ్నం నుంచి గుండెల్లో ఏదో పట్టేసినట్టుంది. గ్యాస్ అనుకుని సీసాలో నీళ్లు తాగింది. "పుస్తకమంట, పుస్తకం," అని గొణుక్కుంటూ రాతిబండ మీద కూర్చుంది. సంచిలోంచి మిగులు కార్డులు తీసింది. కాసేపు వాటిని కోపంగా చూసింది. తర్వాత మూడో తరగతివి ఏరి, అంచులు సమం చేసి, సంచిలో ఎప్పుడూ ఉండే సూదిలో దారం ఎక్కించింది. ఇట్లా కుట్టమని ఏ ఉత్తర్వులోనూ లేదు. పైవాళ్లకు తెలిస్తే మళ్లీ ఒక ట్రైనింగుకు పిలుస్తారు. పిలవనీ. సోమవారం ఆ ముసలాయన చేతిలో ఇది పెడితే, పిల్ల తిప్పే పేజీలు చూసుకుంటాడు.

నాలుగు నలభైకి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పాపన్న ఫుట్‌బోర్డు మీద నుంచే కేకేసినాడు. "టీచరమ్మా, ఎక్కండి!"

ఆమె తల ఎత్తలేదు. కునుకు పట్టిందనుకున్నాడు. ఇంకోసారి పిలిచినాడు. తర్వాత దిగి వచ్చి భుజం తాకినాడు. ఆ చేతిని ఆమె ముక్కు దగ్గర పెట్టి చూసి, చటుక్కున తీసేసుకుని, డ్రైవరును ఇంజను ఆపమన్నాడు.

ఆమె ఒళ్లో ఎనిమిది అట్టలు కుట్టిన పుస్తకం ఉంది. తొమ్మిదో అట్టలో సగం దూరి నిలిచిన సూది, దాని వెనక ఇంకా మూరెడు తెల్ల దారం.