ఊదలేని వాళ్లు

మనుషుల చేత ఊదించడం నేత్ర పని.

దేవరగడ్డ బడి వరండాలో ఒక బల్ల, దాని మీద అరచేతిలో ఇమిడే యంత్రం, యంత్రానికి ఒక అట్ట గొట్టం. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం నోట్లో పెట్టించి, "ఊదు, ఊదు, ఇంకా ఊదు, ఆపకు" అని పక్కన నిలబడి అరవాలి. గుండెల్లో ఉన్న గాలంతా ఒక్క దమ్ములో బయటికి రావాలి. అట్లా మూడుసార్లు సరిగ్గా వస్తే తెర మీద ఆకుపచ్చ గుర్తు పడుతుంది. మధ్యలో దగ్గినా, ఆయాసమొచ్చి ఆగినా ఎర్ర గుర్తు. ఆ ఊరివాళ్లు దాన్ని ఊదుడు మిషను అనేవారు.

దేవరగడ్డ ఊరు ఉన్నది కరెంటు ప్లాంటు బూడిద చెరువు ఒడ్డున. ఎండాకాలం గాలి లేచిందంటే చెరువులో ఎండిన బూడిదంతా ఊరి మీదికి వచ్చి పడుతుంది. ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందెల్లో, కంచంలో అన్నం మీద సన్నగా పేరుకుంటుంది. పెద్ద పెద్ద తీగలు ఊరి నెత్తి మీదుగా ఎక్కడికో కరెంటు మోసుకుపోతుంటాయి. వాటి కిందే ఆడవాళ్లు వ్యాగన్ల నుంచి రాలిన బొగ్గు ఏరుకొచ్చి పొయ్యి వెలిగించుకుంటారు.

ఈ ఊదించే ప్రాజెక్టుకు పెద్ద డాక్టర్ ధర్మతేజ; వైద్యుడు కాడు, పీహెచ్‌డీ డాక్టరు. వాళ్ల ఊరు అదే జిల్లాలోని జవళగేర. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకుని స్థిరపడిన కుటుంబం. ఆయన బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. బొగ్గును వదిలి వేరే ఇంధనానికి మారితే జనం బతుకు, ఆరోగ్యం ఎట్లా మారతాయన్నది ఆయన పరిశోధన. ఊళ్లో సగం ఇళ్లకు కరెంటు పొయ్యిలు ఇవ్వాలి, ఇచ్చే ముందు ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి అందరి ఊపిరీ కొలవాలి. నేత్ర రాయచూరు టౌన్లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ నీళ్లు తాగినంత సులువుగా మాట్లాడుతుంది. ఆసుపత్రిలో ఇట్లాంటి పరీక్షలు చేసిన అనుభవం ఉంది. అందుకే ఆయన ఆమెను తీసుకున్నాడు.

మొదట్లో నేత్రకు ఆ పని మీద గొప్ప నమ్మకం. అది కొద్దికొద్దిగా చెడింది. జట్టులో వాళ్లంతా సీసా నీళ్లే తాగేవారు, ఊళ్లోవాళ్లు చెంబుతో ఇచ్చిన నీళ్లు పక్కన పెట్టేసేవారు. ఎవరితోనైనా చేయి కలిపితే ఆ మనిషి అటు తిరిగేలోపే చేతులకు క్రిములు చంపే మందు రాసుకునేవారు. ఒకరోజు బడి వెనక పిల్లలు పీపీలు ఊదుతుంటే నేత్ర వెళ్లి చూసింది. అవి ఊరివాళ్లందరూ నోట్లో పెట్టుకుని పారేసిన అట్ట గొట్టాలు. ఎంగిలి ఆరకముందే పిల్లల నోళ్లలోకి వెళ్లాయి. ఒక్కొక్కటీ లాక్కుని గోనెసంచిలో వేసి మూతి కట్టింది. సాయంత్రం ఆ మాట ధర్మతేజతో చెబితే, "అయ్యయ్యో, డ్రైవరుకి చెప్తానండీ" అన్నాడు. మర్నాడూ అవి అక్కడే పడ్డాయి. ఆనాటి నుంచి ఆ సంచి పని నేత్రే పెట్టుకుంది.

కరియమ్మ వంతు వచ్చిన రోజు మాత్రం నేత్ర మరిచిపోలేదు.

కరియమ్మకు యాభై దాటి ఉంటాయి. ఆమె భర్త అమరేశప్ప బూడిద లారీల మీద తాటిపత్రి, అంటే టార్పాలిన్ పట్టా, కట్టే కూలికి పోయి పోయి, ఇప్పుడు ఓపిక లేక ఇంటి దగ్గరే ఉన్నాడు. ఆమె పట్టాల పక్కన బొగ్గు ఏరి, ఇంటికి కాస్త ఉంచుకుని, మిగతాది చిక్కసూగూరు వైపు ఛాయ్ హోటళ్లకు అమ్మేది. బల్ల ముందు కూర్చుని గొట్టం నోట్లో పెట్టుకుని ఊదింది. సగంలోనే దగ్గు తెర కమ్ముకుంది. ఎర్ర గుర్తు. మళ్లీ ఊదింది, మళ్లీ ఎర్ర గుర్తు.

"పోనియ్యండి సార్, ఆమెతోటి కాదు" అంది నేత్ర.

ధర్మతేజ వెనకాల నిలబడి తెర చూస్తున్నాడు. "ఇంకొక్కసారి చేయిద్దామండీ. వాళ్లింటికి స్టవ్వు ఇవ్వబోతున్నాం కదా, ఆవిడ్ని పోగొట్టుకోకూడదు. ఎనిమిదిసార్ల దాకా అడగొచ్చు, రూల్సు ఒప్పుకుంటాయి."

అడిగింది నేత్రే. ఊదు పెద్దమ్మా, ఇంకా ఊదు అని అరిచింది నేత్రే. ఎనిమిదోసారి కరియమ్మ ఉన్న బలమంతా పెట్టింది. మొహం నల్లబడింది, బల్ల అంచు పట్టుకుని వంగిపోయి దగ్గింది. ఆ దగ్గులో ఆమెకు తెలియకుండానే చీర తడిసి, కాళ్ల కింద బండ మీద నీళ్లు పారాయి. వరసలో ఉన్న మగవాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు.

కరియమ్మ గబుక్కున ఆ తడి మీదే కూలబడి చీర కుచ్చిళ్లు చుట్టూ పరిచింది. తలెత్తకుండా, "నీళ్ల గిలాస ఒలికింది బిడ్డా" అంది.

అక్కడ గ్లాసే లేదు. నేత్ర తన సీసా మూత తీసి ఆ పక్కనే బండ మీద నీళ్లు కుమ్మరించింది. "అవు పెద్దమ్మా, నా చెయ్యే తాకింది. నీ చీరంత తడిపిన" అంది అందరికీ వినబడేలా.

"మళ్లీ రెడ్ మార్కే వచ్చింది. సరే, వదిలేద్దాం. తర్వాతెవరో పిలవండి" అన్నాడు ధర్మతేజ. బూటు తడవకుండా కాలెత్తి ఆ తడిని దాటుకుని వెళ్లాడు.

ఆ పూట ఇంటికి పోయి నేత్ర చేతులు కడుక్కుంటూనే ఉంది. తల్లి రామాబాయి వంటింట్లోంచి చూసి, "ఏందే, తోలు ఊడదీస్తవా ఏంది? వచ్చి తిను" అంది. నేత్ర కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయింది. ధర్మతేజ మీద ఎంత రోత పుట్టిందో, ఎనిమిదోసారి అరిచిన తన గొంతు మీద అంతకు రెట్టింపు పుట్టింది.

ఏడాది గడిచింది. కరియమ్మ ఇంట్లో కరెంటు పొయ్యి గూట్లోనే ఉంది, మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద పిండి డబ్బా పెట్టి. పొద్దుగూకేసరికి కరెంటు బలం పడిపోతుంది. జొన్నరొట్టె దాని మీద కాలదు, మంట తగలందే రొట్టె పొంగదు.

"మీవోళ్లు కెమెరా పట్టుకొని ఒస్తరు గదా, అప్పుడు తుడిచి ఛాయ్ పెడ్త" అంది కరియమ్మ నవ్వుతూ, మధ్యలో దగ్గుతూ. "మస్తు ఖుషీ అయితరు బిడ్డా. నాకేం పోయింది?"

రెండోసారి పరీక్షలప్పుడు ఆమెను పిలవలేదు. మొదటిసారి ఎర్ర గుర్తు పడినవాళ్లను ఎవరినీ పిలవలేదు. అయినా ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చి వరండా కింద నిలబడింది. "నా పేరు పిలువకపోతిరి?" అని అడిగింది. నేత్ర ఏదో సర్ది చెప్పి పంపింది.

రాయచూరులో ఒక పెద్ద హోటల్లో ఫలితాలు చెప్పే సభ పెట్టారు. ముందురోజు మధ్యాహ్నం ధర్మతేజ అదే హోటల్ గదిలో పెరుగు వడ తింటూ ల్యాప్‌టాప్ తెర మీద గ్రాఫుల బొమ్మలు సరిచూస్తున్నాడు. దేవరగడ్డ జనం ఊపిరితిత్తుల బలం ఇంచుమించు మామూలుగానే ఉందనీ, పొయ్యిలిచ్చిన ఇళ్లలో ఇంకొంచెం మెరుగైందనీ ఆ బొమ్మల్లో ఉంది.

"సార్, ఊదలేనోళ్లు ఇందుల ఎక్కడున్నరు?" అని అడిగింది నేత్ర.

"లేరండీ. వాళ్ల రీడింగు చెల్లదు కదా. చెల్లనిదాన్ని సగటులో కలిపితే జర్నలువాళ్లు మన పేపరు తిప్పి పంపేస్తారు."

"కలపమంటలేను. ఉన్నరని చెప్పమంటున్న. ఊర్ల అందరికంటె ఎక్కువ జబ్బున్నది వాళ్లకే. వాళ్లను తీసేసినంక ఊరు మంచిగనే కనబడ్తది గదా సార్."

ఆయన కోప్పడలేదు. చిరునవ్వు నవ్వాడు. "మంచి పాయింటండీ. పేపర్లో చివర ఒక లైను రాద్దాం. రేపు మాత్రం వద్దు, జనం గందరగోళపడిపోతారు. రేపు ఆ ట్రస్టువాళ్లు కూడా వస్తున్నారు, ఊళ్లకి డాక్టరు వ్యాను పెడతారే, వాళ్లు. మన రిపోర్టు చూసే ఊళ్లు ఎంచుకుంటారంట. మన పని ఎంత ఉపయోగపడుతుందో చూడండి." టిష్యూ కాగితంతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "అబద్ధమైతే ఎవరం చెప్పట్లేదు కదా, నేత్రగారూ."

అది నిజమే. ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆడి ఉంటే నేత్ర తిట్టి వెళ్లిపోయేది. ఆ శుభ్రమైన వేళ్లను ఇక చూడలేక గది బయటికి నడిచింది.

మర్నాడు ఊరివాళ్లను టెంపోలో తెచ్చి హాలులో వెనక కుర్చీల్లో కూర్చోబెట్టారు. ముందు సోఫాల్లో బెంగళూరు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పెద్దలు. ఏసీ చల్లదనానికి కరియమ్మకు దగ్గు ఎత్తుకుంది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. టై కట్టుకున్న మనిషొకడు వంగి, "అమ్మా, రికార్డింగ్ నడుస్తాంది, జర బయట కూసోండ్రి" అని ఆమెను లేపి తీసుకుపోయి, లిఫ్టు పక్క స్టూలు మీద కూర్చోబెట్టాడు. చేతిలో ఒక మిఠాయి పొట్లం పెట్టాడు. అమరేశప్ప లేవబోతే, ఆమే కూర్చోమని సైగ చేసింది.

వేదిక మీది నుంచి నేత్ర అదంతా చూస్తోంది. ధర్మతేజ ఇంగ్లీషులో చెప్పింది ఊరివాళ్లకు తెలుగులో, కన్నడలో చెప్పడం ఆమె పని. తెర మీద ఆకుపచ్చ గీతలు వచ్చాయి. ఆయన చెప్పి, ఆమె వైపు చూశాడు.

నేత్ర మైకు దగ్గరికి జరిగింది. "ఊదగలిగినోళ్ల ఊపిరి మంచిగనే ఉన్నదంట" అంది. "ఊదలేనోళ్లను లెక్కల పట్టలేదు. సార్ ఒక్కరే కాదు, ఎర్ర గుర్తు పడంగనే పొమ్మన్నది నేను. మన కరియమ్మ పెద్దమ్మ ఈ లెక్కల లేదు. ఇప్పుడు ఈ హాల్ల గూడ లేదు. బయట కూసొని దగ్గుతున్నది." అదే మాట కన్నడలోనూ చెప్పింది.

వెనక వరసల్లో గుసగుస లేచింది. అమరేశప్ప కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. "అంటె ఏందమ్మా, సచ్చెటోళ్లను పక్కకు జరిపి, బతికెటోళ్లను తూకమేసి, ఊరంత మంచిగున్నదని చెప్తున్రా?"

నేత్ర తలూపింది. ఇక గొడవ జరుగుతుందనుకుంది. జరిగితే బాగుండుననుకుంది.

ధర్మతేజ మెల్లగా మైకు అందుకున్నాడు. "చాలా గొప్ప మాట అన్నారు పెద్దాయనా. మేం వినాలనుకున్నది సరిగ్గా ఇలాంటి గొంతులే" అన్నాడు. అదే ఇంగ్లీషులో చెప్పాడు. సోఫాల్లోవాళ్లు చప్పట్లు కొట్టారు. ట్రస్టు నుంచి వచ్చిన ఆవిడ ఫోనెత్తి అమరేశప్ప ఫోటో తీసుకుంది. ఎవరో అతిథుల కోసం తెచ్చిన శాలువా ఒకటి తెచ్చి ఆయన భుజాల మీద కప్పారు. మళ్లీ చప్పట్లు. తర్వాత భోజనాలన్నారు.

నేత్ర బయటికొచ్చి కరియమ్మ పక్కన నేల మీద కూర్చుంది. కొద్దిసేపటికి అమరేశప్ప వచ్చాడు. శాలువా తీసి, మడిచి, ఎదురుగా ఉన్న సోఫా మీద పడేశాడు. లిఫ్టు పక్కన ఇత్తడి కుండీలో ఏవో తెల్లపూలు పెట్టి ఉన్నాయి. గొంతులోంచి కాండ్రించి ఆ కుండీలోకి ఉమ్మాడు. టై కట్టుకున్న మనిషి పరుగెత్తుకొచ్చి, "ఏందయ్యా, మర్యాద, తమీజ్ లేదా?" అని అరిచాడు.

"ఎట్లుంటది? ఉమ్మి గూడ నల్లగనే ఒస్తది మాకు, చూడు" అన్నాడు అమరేశప్ప.

నేత్ర ఆ వారమే ఉద్యోగం వదిలేసింది. రిపోర్టు వచ్చింది. అందులో చివర, చిన్న అక్షరాల్లో ఊదలేనివాళ్ల గురించి ఒక వాక్యం ఉంది. డాక్టరు వ్యాను ఇంకో ఊరికి వెళ్లింది. దేవరగడ్డకు అంత అవసరం కనబడలేదని ట్రస్టువాళ్లు మర్యాదగా తెలియజేశారు.

ఊదలేనివాళ్లలో రమ్మంటే వచ్చినవాళ్లను నేత్ర తనే వెంటబెట్టుకుని రాయచూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. కరియమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్న డాక్టరమ్మ, ఎక్స్‌రే చూసి, "ఇన్నాళ్లు ఏం చేస్తున్రు?" అని కసిరింది. పీల్చుకునే మందు రాసింది. దాంతో కొంత ఉపశమనం వచ్చింది. బూడిద గాలులు లేచే నెలల్లో ఆమె బాళగనూరులో ఉన్న కూతురి దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. అక్కడ కోతలయ్యాక గడ్డి కాలిస్తే ఆ పొగకు మళ్లీ దగ్గు. అయినా ఇంటి దగ్గరకన్న నయమే అంటుంది.

నేత్ర టౌన్లో ఒక చిన్న ల్యాబులో చేరింది. ఒకనాడు ధర్మతేజ ఫోన్ చేశాడు. గొంతులో ఉత్సాహం.

"నేత్రగారూ, రెండో దశకి డబ్బులు వచ్చాయండీ! ఈసారి ఊదలేని వాళ్ల మీదే ప్రత్యేకంగా చేస్తున్నాం. ఆ ఆలోచన మీదే. మీరు రావాల్సిందే."

"వాళ్లల్ల ముగ్గురు పోయిన్రు సార్" అంది నేత్ర.

"అయ్యో." అన్నాడు ధర్మతేజ. "తేదీలేమన్నా తెలుస్తాయాండీ? అదీ ముఖ్యమైన సమాచారమే కదా."

నేత్ర ఫోన్ కట్ చేసి, ల్యాబు వెనక మురుగు మోరీ దగ్గరికి పోయి వాంతి చేసుకుంది. నోరు పుక్కిలించి, మొహం కడుక్కుని, వచ్చి మళ్లీ సూదులు సర్దుకుంది.

కొన్నాళ్లకు దేవరగడ్డ బడి వరండా ముందు ప్రాజెక్టు కారు మళ్లీ ఆగింది. ఇంకో అమ్మాయి బల్ల దించుతుంటే అమరేశప్ప, ఇంకొందరు ఆడవాళ్లు వచ్చి అడ్డం నిలబడ్డారు. "ముందుగాల డాక్టరును తెచ్చి కూసోబెట్టుండ్రి. ఆయన మందిచ్చినంక మీ మిషన్ల ఊదుతం" అన్నారు. ఎంత బతిమాలినా కదల్లేదు. కారు వెనక్కి తిరిగింది. ఊదేవాళ్లు లేకపోతే పరిశోధన లేదు గనక, రెండు నెలలకు వారానికో రోజు డాక్టరు రావడం మొదలైంది.

ఆ మాట కరియమ్మే ఫోన్ చేసి చెప్పింది. నేత్రకు సంతోషమే కలిగింది. "మంచిగ చూస్తున్నడా పెద్దమ్మా?" అని అడిగింది.

"చూస్తడు. మందు గూడ ఇస్తడు" అంది కరియమ్మ. "గాని బిడ్డా, నన్ను ముట్టుకున్న ప్రతిసారి చేతులకు ఆ మందు రాసుకుంటడు. నేను గూడ ఇంటికొచ్చి, ఆయన ముట్టిన చోటల్ల సబ్బు పెట్టి కడుక్కుంటున్న."