పచ్చి శ్లాబు

భేజ్జి ఊరికి పోయే దారిలో వాగు మీద కొత్తగా పోసిన కల్వర్టు శ్లాబుకు సోమమ్మ నీళ్లు పెడుతోంది. కింద ఆమె భర్త సీతారాములు మేస్త్రి ఊతకర్రలను ఒక్కొక్కటే తట్టి చూస్తున్నాడు. అతని కూలీల ముఠాకు ఒక ఆచారం ఉంది. శ్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ కర్రలు విప్పే రోజు మేస్త్రి శ్లాబు కింద నిలబడి మొదటి కర్ర తానే తీయాలి. ఆ తరువాతే కూలీలు కిందికి వెళ్తారు.

"అల్లుడా, బ్యాంకోళ్లు ఇంకా కాగితాలే అడుగుతున్నరా? మా పెండ్లి ఫోటో కూడా పంపాల్నా?" అని సోమమ్మ నవ్వింది.

వరసకు అల్లుడయ్యే కాంట్రాక్టరు రాంచందర్ నవ్వలేకపోయాడు. బ్యాంకు అప్పుకు నెలలు పట్టేది. అతను ఆగలేదు. దోర్నపాల్‌లో వడ్డీవ్యాపారి భానుప్రసాద్ దగ్గర వారం మిత్తికి తెచ్చాడు. పూటలో డబ్బు చేతికొచ్చింది. పునాది లేచేసరికి సగం లాభం మిత్తికే పోయింది. శ్లాబు పోసేసరికి మిగిలిందేమీ లేదు. సెంట్రింగ్ విప్పి ఇంజనీరుకు చూపిస్తే తప్ప బిల్లు రాదు.

అంతలో భానుప్రసాద్ మనుషులు జీపులో వచ్చారు. మొదట మిక్సరును ఇనుప రాడ్లతో చితక్కొట్టారు. తరువాత రాంచందర్ ఎడమచేతిని రాయి మీద పెట్టించి వేళ్ల మీద కొట్టారు.

"కల్ తక్ బిల్లు, ఠేకేదార్. రేపటికి పైసలు రాకుంటే నీ ఇంటికొస్తం," అన్నాడు వాళ్లలో ఒకడు.

జీపు వెళ్లిపోయింది. సోమమ్మ కొంగు చింపి అతని చేతికి కట్టింది. రాంచందర్ కుడిచేత సుత్తి అందుకున్నాడు.

"వారం ఆగు అల్లుడా. ఇంకా పచ్చిగనే ఉంది," అన్నాడు సీతారాములు. "సిమెంటుకు నీ మిత్తి తెల్వదు."

"నా ఇంటికొస్తరంట మామా!"

రాంచందర్ శ్లాబు కిందికి దూరి ఒక కర్రను కొట్టాడు. అది పడింది. రెండోది కొట్టాడు. పైన ఏదో చిట్లింది. సీతారాములు పరుగున వచ్చి అతని చొక్కా పట్టి బయటికి విసిరేశాడు.

"నడువు! ఇక్కడ నిలబడాల్సింది నేను."

పడిన కర్రను మళ్లీ నిలబెట్టడానికి వంగాడు. శ్లాబు కూలింది.

ఇనుప చువ్వలు కోసి అతన్ని తీసేసరికి పొద్దు వాలింది. ముఖం గుర్తుపట్టడానికి వీల్లేదు. సోమమ్మ పాదాలు చూసి గుర్తుపట్టింది. అప్పుడే, ఇక బిల్లు రాదని తెలిసి భానుప్రసాద్ మనుషులు మళ్లీ వచ్చి, బాకీ కింద శవం పక్కనుంచే ఊతకర్రలు ఏరి ట్రాక్టరులో వేసుకున్నారు. ఎవరూ అడ్డుకోలేదు.

రాంచందర్ ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నన్ను కొట్టు అత్తా."

"కొడితే లేస్తడా?" అంది సోమమ్మ. చిరిగిన కొంగు భర్త పాదాల మీద కప్పి మళ్లీ అంది: "బ్యాంకు పైసలు ఆలస్యంగ వచ్చేటివి. కానీ శ్లాబు గట్టిపడేదాంక ఆగేటివి. నువ్వు తెచ్చినవి ఆగలే అల్లుడా."

కట్టడం మీద బతికే ప్రతి ఒక్కరూ వినవలసిన మాట ఇది. ఎంత లాభం మిగులుతుందని లెక్క వేసుకునే ముందు, తెచ్చే డబ్బు సిమెంటు గట్టిపడేదాకా ఆగుతుందా అని అడగండి. ఆగని డబ్బు ముందు లాభాన్ని తింటుంది, ఆ తరువాత మనిషిని తింటుంది.