తల దగ్గర పెట్టిన కంప్యూటర్

తమ్ముడు నీలాద్రి పోయిన చోట దీపానికి బదులు అతని గేమింగ్ కంప్యూటర్ వెలుగుతోంది. పొరపాటు మేనత్త నరసమాంబది. కళ్లజోడు లేకుండా గదిలోకొచ్చి, వెలుగు చూసి, "దీపం పెట్టేశారా, మంచి పని" అని కీబోర్డు మీద నాలుగు నువ్వులు చల్లి దణ్ణం పెట్టేసింది. దణ్ణం పెట్టాక అది దీపమే. పదోరోజు దాకా కొండెక్కకూడదు. ఎక్కితే పోయినవాడికి దారి కనపడదు.

తెర మీద ఆటలో నీలాద్రి బొమ్మ ఒక పొడవాటి వంతెన మధ్యలో నిలబడి మెల్లగా ఊపిరి తీస్తోంది. అక్క విమల రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తోంది.

మిట్టమధ్యాహ్నం కాకినాడ మొత్తానికీ కరెంటు పోతుంది. కరెంటు పోతే "వచ్చేస్తుందిలే" అంటాం. మనిషి పోతే ఆ మాట ఎవరూ అనరు.

బల్ల కింద యూపీఎస్ కీచుమంటుంది. ఇంకా పద్దెనిమిది నిమిషాలేనని దాని మీద అంకె పడుతుంది. అత్త దాన్ని మొదట్నుంచీ "ఊపిరెస్సు" అనే అంటుంది. ఇవాళ ఎవరూ దిద్దరు.

విమల నానాజీకి ఫోన్ చేస్తుంది. నీలాద్రితో జట్టుగా ఆడేవాడు, సామర్లకోట కుర్రాడు.

"సేవ్ చేశాడా అక్కా?" ఫోన్లోంచి గట్టిగా వినపడుతుంది.

"సేవా?" అత్త కస్సుమంటుంది. "మూణ్ణెల్లు వాడి మంచానికి అతుక్కుపోయి చేసిందిరా ఇది! అడగడానికి నువ్వెవడివి?"

"ఆయ్, ఆ సేవ కాదండి పిన్నిగారూ. ఆటని దాచుకున్నాడా అని. దాచకపోతే, ఒకసారి ఆరిందంటే మళ్లీ ఆ వంతెన మీద ఉండడండి."

"దాచలేదు నానాజీ" అంటుంది విమల.

"అయితే లోడు తగ్గించాలక్కా. ముందు నీడలు తీసెయ్యండి."

విమల మౌస్ నొక్కుతుంది. వంతెన నీడ పోతుంది. మంచం నీడా పోతుంది. అత్త కాళ్ల కింది నీడ చాపలా చుట్ట చుట్టుకుని గుమ్మం దాటి వెళ్లిపోతుంది. యూపీఎస్ మీద గంట అని పడుతుంది.

"పోతే పోనీవే" అంటుంది అత్త. "నా నీడన ఎవరు బతుకుతున్నారు గనక."

తరవాత రంగులు తీసేస్తారు. బుట్టలో టమాటాలు బూడిద ఉండలవుతాయి. తరవాత చప్పుళ్లు. వీధిలో ఆటోలు మాట పడిపోయినట్టు వెళ్తుంటాయి. అత్త ఏడుపూ వినపడదు. మాటలు మాత్రం తగ్గవు. ఆవిడ మాటలకి స్విచ్చి లేదు.

సాయంత్రం దాకా అని చూపిస్తుంది యూపీఎస్. కరెంటు జాడ లేదు. పదోరోజుకి అది ఏ మూలకి?

"ఇంకా ఏదో పెద్దది నడుస్తోందక్కా" అంటాడు నానాజీ. "బ్యాటరీని పీల్చేస్తోంది. మీ ఇంట్లో వాణ్ణి అస్తమానం తలుచుకుంటున్నదెవరు?"

"నేనే."

"అదండీ సంగతి. తలపులు మహా బరువు. మూసెయ్యాలి."

"తలుపులైతే నేను మూస్తాను" అని అత్త లేస్తుంది. ఎవరూ నవ్వరు.

"మూస్తే మళ్లీ తెరుచుకుంటాయా?" విమల అడుగుతుంది.

నానాజీ గొంతు తగ్గిస్తాడు. "అవీ దాచుకోలేదు కదక్కా."

వాడికి దారి ఉండాలంటే తనకి వాడు ఉండకూడదు. విమల తెరవైపు చూస్తుంది. వంతెన అవతలి ఒడ్డు మసకబారుతోంది. బొమ్మ ఊపిరి నెమ్మదిస్తోంది.

ఆమె మొదలుపెడుతుంది. జ్వరంలో ఐసుముక్క చప్పరిస్తూ నవ్విన మొహం. నొక్కుతుంది. బడికెళ్లే దారిలో ఆమె జడ కొస పట్టుకుని నడిచిన చెయ్యి. నొక్కుతుంది. "అక్కాయ్" అని సాగదీసే పిలుపు దగ్గర వేలు ఆగిపోతుంది. బొమ్మ ఒక అడుగు వేసి, తూలి, నిలబడుతుంది.

నొక్కుతుంది.

పదోరోజు దాకా అని పడుతుంది యూపీఎస్ మీద.

"నడుస్తున్నాడే! మన నీలాద్రి నడుస్తున్నాడు, చూడవే!" అని అత్త విమల భుజం కుదుపుతుంది.

"నీలాద్రి ఎవరత్తా?"

అత్త నోరు తెరుచుకునే ఉంటుంది. అందులోంచి మాట రాదు.

ఎవరో కుర్రాడు వంతెన దాటేస్తాడు. అవతల ఒకటే చీకటి, పెద్ద గాలి. అతను వెనక్కి తిరిగి తెర దాకా వచ్చి, రెండు చేతులూ బయటికి చాస్తాడు. గాలి తగలకుండా వాటితో విమల చెంపలకి అటూ ఇటూ దడి కడతాడు. విమల ఒకసారి రెపరెపలాడి, నిటారుగా వెలుగుతుంది. అతను ఆమెని అరచేతుల్లోకి ఎత్తుకుని, కాస్త వంగి, ఆ వెలుగులో ముందుకి నడుస్తాడు.