చాటలో చెరిగిన ఖనిజం

డెబ్బై తొమ్మిదిలో విశాఖ హార్బర్ పక్కన ఒక రేకుల షెడ్డులో జరిగే పని వింటే ఎవరికైనా నవ్వొచ్చేది. బొగ్గు లేకుండా, హైడ్రోజన్ గ్యాసు ఊది ఇనుము తీస్తారట! అదీ గడ్డల ఖనిజం నుంచి కాదు, ఓడకెక్కించేటప్పుడు రాలిపోయే పొడి నుంచి. నిలువు గొట్టంలో పొడి పోసి కింద నుంచి వేడి గ్యాసు ఊదితే, ఎసట్లో బియ్యంలా కుతకుతలాడుతూ అది ఇనుమవ్వాలి. మూడుసార్లు చేశారు. మూడుసార్లూ మెత్తటి దుమ్ము ముద్దకట్టి గొట్టం పూడుకుపోయింది.

నాలుగోదీ పోతే షెడ్డు మూసేస్తామని పైవాళ్లు తేల్చేశారు. మూస్తే టెక్నీషియన్ సుందర్ రాజ్‌కి ఇంకోచోట పని దొరుకుతుంది. పొడి జల్లించే నూకాలుకే రోజుకూలీ పోతుంది. ఆ దిగులుతో అతను రెండురోజులు సరిగ్గా అన్నం తినలేదు. నూకాలు అది కనిపెట్టింది.

నాలుగోసారి గొట్టం పూడలేదు! ఎప్పుడూ మొహం ముడుచుకునుండే పెద్ద ఇంజినీరు గురునాథరావు, సుందర్ రాజ్ భుజం తట్టి, రాలిన పొడిని ఉన్నదున్నట్టే వాడొచ్చని రిపోర్టు రాసి తెమ్మన్నాడు.

సుందర్ రాజ్ సంబరంగా వెళ్లి నూకాలుకి చెప్పాడు. ఆమె మురిసిపోయింది.

"నిన్న జల్లించినాక సాటలో ఏసి సెరిగేసినాను బాబూ. దుమ్మంతా ఎగిరిపోనాది. నువ్వు దిగులుపడతన్నావని నానే సేసినాను."

బియ్యం చెరిగినట్టు చెరిగేసింది మహాతల్లి! ఏ దుమ్ము పనికొస్తుందని చూపించాలో ఆ దుమ్మే లేదు. తిట్టబోయి ఆగాడు. నెమ్మదిగా విడమరిచి చెప్పాడు.

"సెప్పకపోతే ఏటవుద్ది?" అంది.

చెప్పకపోతే షెడ్డుంటుంది, నీ కూలీ ఉంటుంది. కానీ రేపెక్కడో ఈ రిపోర్టు నమ్మి పెద్ద కొలిమి కట్టి, దుమ్ముతో సహా పోస్తారు. పూడుకున్న కొలిమిలో మండే గ్యాసు ఉంటుంది, పక్కన నీలాంటివాళ్లే పనిచేస్తుంటారు అన్నాడు.

నూకాలు చేతిలో జల్లెడ కిందపెట్టింది. "అయితే సెప్పీ బాబూ. నాను సేసినదే కదా, నా పేరూ రాసీ."

సుందర్ రాజ్ జరిగింది జరిగినట్టు రాసిచ్చిన రిపోర్టుని గురునాథరావు విసిరికొట్టి, మళ్లీ తనే తీసి సంతకం పెట్టాడు. నాలుగోదీ పోయినట్టే లెక్కగట్టి, నెలాఖరుకి పైవాళ్లు షెడ్డు మూశారు. ఆఖరిరోజున సుందర్ రాజ్ రిపోర్టు తెచ్చి ఆమె పేరు మీద వేలు పెట్టి చూపించాడు.

"నా తప్పని రాసినావా?" అంది, చదువురాని నూకాలు.

అతను చదివి వినిపించాడు: "మెత్తటి దుమ్ము తీసేస్తే గొట్టం పూడదని మొదట కనిపెట్టినది నూకాలు."