పరోటా ఉపవాసం

సాయంత్రం బండి కోసం కోవిల్‌పట్టి స్టేషన్‌లో నిలబడి ఉండగా పాండియమ్మాళ్ పిన్ని ఫోన్ చేసింది. ఊరి బయట ఆమెకు కౌజు పిట్టల ఫారం ఉంది, వాటిని మా వైపు కాడలంటారు.

"ఏం సంగవీ, నువ్వడిగిన చిన్న కాడలు ఉండాయి. ఈకలు పీక్కుండా, పొట్ట కొయ్యకుండా అట్లనే ఇస్తా. రేపు ఆపీసు విడిచినాక వచ్చి తీసుకోని పో."

"నిజంగానా పిన్నీ?"

"కాడల గురించి కూడా అబద్దం చెప్తారా ఎవరైనా? సరే గానీ, ఈకలతో ఏం చేసుకుంటావు? దిండు కుట్టుకుంటావా?"

పాముకని చెప్పలేదు. చెబితే ఆమె అడిగే ప్రశ్నలకు బండి వెళ్ళిపోతుంది. అగ్గిపెట్టెల కంపెనీ ఆఫీసులో పొద్దుటి నుంచి పని చేసి ఒళ్ళు పచ్చి పుండులా ఉంది. అయినా ప్లాట్‌ఫారం మీదే చిన్న గెంతు గెంతాను. కడలై మిఠాయి, అదే వేరుశనగ చిక్కీ అమ్మే పెద్దాయన నన్ను చూసి నవ్వి, విరిగిన ముక్క ఒకటి చేతిలో పెట్టాడు. బండిలో కూర్చోవడానికి చోటు దొరకలేదు. సాత్తూరు దాకా ఆ బెల్లం ముక్కను చప్పరిస్తూ నిలబడ్డాను.

పెళ్ళయి విరుదునగర్‌లో అడుగుపెట్టినప్పుడు ఆ ఇంట్లో నాకు కొత్తగా పరిచయమైనవాళ్ళు ఇద్దరు. ఒకరు మా అత్త వీరమ్మాళ్, రెండోది పరోటా. పరోటా ఆఫ్రికా జాతి కొండచిలువ. మా ఆయన కుమారవేల్ మదురైలో ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటున్నప్పుడు కొని, అటవీ శాఖలో నమోదు చేయించి, ప్రాణంగా పెంచుకున్నాడు. చుట్ట చుట్టుకుని పడుకుంటే నూనె పరోటాకు చుట్టి పెట్టిన పిండిలా ఉంటుందని ఆ పేరు.

అక్కడున్నంత కాలం దానికి గడ్డకట్టించిన ఎలుకలు పెట్టేవాడు. పెళ్ళయ్యాక పాముతో సహా ఇంటికి వచ్చేసరికి అత్త గడపలోనే ఆపింది.

"పామా, ఉండనీ. ఎలిక మాత్రం నా ఇంట్లోకి రాకూడదు. పిళ్ళైయారు, ఆ వినాయకుడు ఎక్కి తిరిగేదాన్ని ఫ్రిజ్జులో ఇడ్లీ మావు పిండి పక్కన పెడతారా ఎవరైనా?"

అమ్మ మాట కాదనలేక ఆయన సరేనన్నాడు. అప్పటి నుంచి పరోటా ఏమీ తినలేదు. కోడి ముక్క పెడితే పక్కకు జరిగింది. గుడ్డును ముక్కుతో నెట్టి, దాని మీదే తల పెట్టి పడుకుంది. మదురైలోని పశువుల డాక్టరు ఫోన్‌లో మమ్మల్ని మందలించాడు. ఈ జాతి గుడ్లు తినదట. ఎముక, పేగు, గుండె లేని ఉత్త మాంసంతో దానికి బలం రాదట. ఎలుక వద్దంటే ఈకలతో ఉన్న పూర్తి కౌజు పిట్టను పెట్టి చూడమన్నాడు.

"దానికి కంటి కంటే వాసనే ముఖ్యమమ్మా. తిండి వాసన తగలకపోతే తిండి ముందున్నా ఆకలితోనే ఉంటుంది," అన్నాడు చివర్లో.

అందుకే కౌజు పిట్టలు దొరికాయనగానే అంత సంతోషం. మర్నాడు ఐస్ డబ్బా నిండా తెచ్చాను. గుమ్మంలోనే అత్త ఆ డబ్బా అందుకుంది. నేను చెప్పులు విడిచి చాప మీద వాలిపోయాను. తెల్లారి చూస్తే పిట్టలన్నీ కవర్లలో చుట్టి, ఫ్రీజర్‌లో ఓ మూల వరసగా పేర్చి ఉన్నాయి. పాపం, అత్త ముక్కు మూసుకునైనా సర్దిందే అని ముచ్చటేసింది.

కానీ పరోటా తినలేదు.

వారానికి రెండు సాయంత్రాలు అదే తంతు. పిట్టను గిన్నెలో వేసి కరగబెట్టాలి. కరిగిన నీళ్ళు లేత పసుపు రంగులో దిగేవి, కొవ్వు కాబోలు అనుకునేదాన్ని. పెళ్ళికి కానుకగా వచ్చిన హెయిర్ డ్రయ్యర్‌తో దాన్ని వెచ్చబెట్టాలి. ఆ పని ఆయనది. మధ్యలో ఒకసారి నా జుట్టు మీదికి తిప్పి ఊదేవాడు. ఇక్కడికొచ్చాక పనికి కుదిరిన మిరపకాయల మండీలో తుమ్మి తుమ్మి ఎర్రబడ్డ కళ్ళతో కూడా అలా నవ్వగలిగేవాడు. నాకు అంతే చాలు, ఆ రోజు బండిలో నిలబడ్డ సంగతే మరిచిపోయేదాన్ని. తర్వాత లైటు ఆర్పి, పొడవాటి పటకారుతో పిట్టను పరోటా ముందు ఆడించాలి. నా చెయ్యి నొప్పితో లాగేసేది. ఆయన పట్టుకునేవాడు, ఆయన చెయ్యి లాగితే మళ్ళీ నేను. పరోటా నాలుక ఒకసారి బయటికొచ్చేది, లోపలికి పోయేది. తల తిప్పుకునేది. ఆ పిట్ట ఎదురింటి పిల్లి పాలయ్యేది.

దాని వీపు మీద ఎముక తేలింది. ఒక సాయంత్రం ఆయన నాకు వీపు తిప్పి, మడత పెట్టిన చొక్కానే మళ్ళీ మడత పెడుతూ అన్నాడు.

"చెల్లదురైకి చెప్పినాను. ఆదివారం వచ్చి తీసుకోని పోతాడు."

చెల్లదురై మదురైలో పాములు పెంచే ఆయన స్నేహితుడు.

"ఎందుకు మామా? ఇంకొన్ని నాళ్ళు చూద్దాం."

"చూసి చూసి చంపుకుందామా? ఆడ ఎలికలు తిని బతుకుతుంది. నాకు అది చాలు."

చాలని అన్నాడు గానీ, మడత పెట్టిన చొక్కాను మళ్ళీ విప్పాడు.

శనివారం ఆఫీసు సగం రోజే. పాండియమ్మాళ్ పిన్నిని బతిమాలి, అప్పుడే కోసిన పిట్టలు కొన్ని తెచ్చాను. ఎప్పటిలాగే అత్త డబ్బా అందుకుంది, ఎప్పటిలాగే నేను చాప మీద వాలిపోయాను. కాసేపటికి దాహమేసి లేచి వెళితే, పెరట్లో గిన్నెలు తోమే చోట అత్త కూర్చుని ఉంది. ఒళ్ళో చెంబు, పక్కన ఉప్పు, పసుపు. ఒక కౌజు పిట్టను పట్టుకుని, చంటిబిడ్డకు తల రుద్దినట్టు ఈకలన్నీ రుద్దుతోంది.

"ఏం చేస్తాండావు అత్తా?"

"కనపడలే? కడుగుతాండా."

"ఎవరికి?"

"నీ మొగుని మారాజుకు. నీచు కౌసు ఇంట్లోకి వస్తే పసుపు రాసి, ఉప్పేసి, వాసన పొయ్యేదాకా కడక్కుండా లోపల పెడతారా? మీ కోవిల్‌పట్టిలో పెడతారేమో."

"ముందు తెచ్చినవి కూడా కడిగినావా?"

"అన్నీ కడిగినా. నువ్వు అలిసిపోయి వస్తావు, నీకేం చేతనవుతుంది? పాముదైనా తిండి తిండే గదా, సుద్దంగా ఉండాలనే గదా!"

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, ఏది ముందు వచ్చిందో తెలియదు.

"వాసన ఉంటేనే అది తింటుంది అత్తా. డాక్టరు చెప్పినాడు. పసుపు వాసనకు దానికిది తిండే అని తెలీలేదు."

అత్త చేతిలోని పిట్ట చెంబులోకి జారింది.

"అయ్యో. అంటే దాని కడుపు మాడ్చింది నేనా?" పసుపు చేతులతోనే నుదురు కొట్టుకుంది. "మీరిద్దరూ పనికి పోయినాక మద్దేనం పోయి చూసేదాన్ని. ఏం ముండా, ఇంత కడిగి పెడితే తినకుండా పొగరా నీకు అని తిట్టినా గూడా."

డబ్బాలో ఇంకా కడగనివి మిగిలి ఉన్నాయి.

ఆయన మండీ నుంచి రాగానే విషయం చెప్పాను. కాళ్ళు కూడా కడుక్కోకుండా డ్రయ్యర్ తీశాడు. సందెపొద్దు, లైటు ఆర్పేశాం. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. పటకారు నా చేతిలో ఉంది. పరోటా నాలుక బయటికొచ్చింది. మళ్ళీ వచ్చింది. తల మెల్లగా పైకి లేచింది. నా భుజం పీకుతోంది, అయినా పటకారు దించలేదు.

టప్పున కొట్టింది. పటకారు ఊగిపోయింది. చూస్తుండగానే పిట్ట చుట్టూ చుట్ట మీద చుట్ట వేసింది.

"పట్టింది పట్టింది!" అంది అత్త, ముక్కు మీది కొంగు వదిలేసి.

ఆయన చీకట్లో నా వేళ్ళు వెతికి పట్టుకున్నాడు. పిట్ట తోక దాకా లోపలికి పోయాక, వరండాలోకి వెళ్ళి చెల్లదురైకి ఫోన్ చేశాడు. "రావద్దురా, తినింది," అన్నాడు. అదే మాట ఇంకోసారి చెప్పి పెట్టేశాడు.

మేమిద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఆయన భుజం మీద మిరపకాయ ఘాటు. తుమ్మొస్తున్నా తల తియ్యలేదు. అత్త ఫ్రీజర్ తెరిచి, కడిగిన పిట్టలన్నీ పిల్లికని బయట పెట్టి, మూలన ఖాళీ అయిన చోటును గుడ్డతో తుడిచింది.

"ఆడొక మూత డబ్బా పెడతా, కడగనివి దాంట్లో ఉండనీ. మావుకు తగలకూడదు, చెప్పినా," అని మా వైపు తిరిగింది. "సంగవీ, రేపు ఆదివారం, నువ్వు లేవొద్దు, బాగా పండుకో. పొద్దున బండికి నేనే కోవిల్‌పట్టికి పోయి ఆ పాండియమ్మాళ్ దగ్గర కాడలు తెస్తా. పాముకు పెట్టేవి కడగను. మనకూ రెండు తెస్తా. మనవి మాత్రం కడుగుతా."