పదకొండో గూడు

ఇసుక దిబ్బ ఎక్కగానే సత్యానందం ఆగిపోయాడు. ఒడ్డు ఊడ్చిన వాకిలిలా ఉంది. సీసా లేదు, వల ముక్క లేదు, ఒక్క చెప్పు లేదు.

ఇరవై రెండేళ్లుగా అతను రోజూ తెల్లవారే ఈ నాలుగు కిలోమీటర్లూ నడుస్తున్నాడు. అల్లవరం దాటి సముద్రం దాకా వస్తే, సరుగుడు తోటకీ నీటికీ మధ్య ఉన్న దిబ్బలన్నీ అటవీశాఖవి. అతను వాటికి కాపలా. అంతకుముందు కొబ్బరి దింపు తీసేవాడు. ముప్ఫై ఆరో ఏట చెట్టు మీంచి పడ్డాడు. ఎడమకాలి ఎముక అతికింది గానీ కాలు పొట్టిదయింది. చెట్లెక్కేవాడు నేలమీది గూళ్లకి కాపలా ఉండడమేమిటని మొదట్లో ఊళ్లో నవ్వారు. తర్వాత మరిచిపోయారు.

మాఘమాసం వెళ్లాక ఉల్లంకి పిట్టలు ఇక్కడ ఇసుకలో చిన్న గుంట చేసి మూడేసి గుడ్లు పెడతాయి. ఇసుక రంగు గుడ్లు, నల్ల చుక్కలు. కాలు పడేదాకా కనిపించవు. మొదటి ఏడు అతను ప్రతి గూటి పక్కనా పుల్ల పాతాడు. కాకులు ఆ పుల్లల మీద వాలి, కిందికి చూసి, వరసగా తినేశాయి. అప్పటినుంచీ అతని గుర్తు ఒంటి చెప్పు. సముద్రం ఎప్పుడూ జత తేదు. కొట్టుకొచ్చిన చెప్పుని గూటికి పది అడుగుల దూరంలో, మొన గూటివైపు ఉండేలా పెడతాడు. పాత చెప్పుని కాకీ పట్టించుకోదు, మనిషీ పట్టించుకోడు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

నిన్న ఒక్కరోజు అతను రాలేదు. గుండెలో మంటగా ఉందని అమలాపురం ఆసుపత్రికి వెళితే, మందులిచ్చి వారం రోజులు ఎండలో తిరగొద్దన్నారు.

తులసి సైకిలు తోటలో పెట్టి పరుగున వచ్చింది. పక్క ఊరి పిల్ల, డిగ్రీ చదివింది, కాపలా పనిలో చేరి రెండు వారాలైంది.

"చూసేరా బాబాయ్ గారూ? కాలేజీ వాళ్లొచ్చి ఎలా శుభ్రం చేసేరో. పధ్నాలుగు బస్తాలండీ. ట్రాక్టర్ కూడా వచ్చి పట్టుకుపోయింది."

"చెప్పులు కూడానా?"

"చెప్పులే మూడు బస్తాలండీ."

అతను ఇసుకలో కూర్చున్నాడు. కాసేపటికి, మొదటిసారి, ఆ చెప్పుల సంగతి ఇంకొకరికి చెప్పాడు. పదకొండు గూళ్లు, పదకొండు చెప్పులు. తనే దగ్గరుండి ఏరించానంది తులసి.

"నీ తప్పేముందమ్మా. ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నది నేను కదా."

రేపు ఉదయం ఏడింటికి అమలాపురం నుంచి అరవై మంది పిట్టల్ని చూడడానికి వస్తున్నారు, ఈ దిబ్బల మీదుగా నడుస్తారు. సాయంత్రానికి దారికి తాళ్లు కట్టాలని ఆఫీసరు శ్రీనివాసరావు రాత్రే ఫోన్ చేసి చెప్పాడు. గూళ్లెక్కడున్నాయో తెలియకుండా కడితే, ఆ దారి ఏ గుడ్ల మీదుగా పోతుందో ఎవరికీ తెలియదు.

ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు. రావణాసురుడి మీసాల గడ్డి పొదల దగ్గర పిడికెడంత పిట్ట ఒకటి రెక్క ఈడ్చుకుంటూ ముందు కుంటింది.

"అయ్యో, దెబ్బ తగిలిందండీ దీనికి."

"ఏమీ తగల్లేదు. మనల్ని గూటి నుంచి దూరంగా తీసుకుపోతంది. అది ఎటు రమ్మంటే దానికి ఎదురు నడు." గూడు దొరికాక అన్నాడు, "దానిది దొంగ కుంటుడు, నాది అసలుది. తేడా నేర్చుకో."

తులసికి ఆ ఉదయం అప్పుడే నవ్వొచ్చింది.

దూరంగా నీటి అంచున, రాత్రి పోటుకి కొత్తగా కొట్టుకొచ్చిన చెప్పులు నాలుగు దొరికాయి. పడవలు ఆగేచోట ఇంకో ఆరు. మధ్యాహ్నానికి పది గూళ్లకి గుర్తులు పడ్డాయి. మిగిలిన ఒక్కదాన్నీ ఎండ తగ్గాక వెతుకుదామని, అందాకా నీడలో ఉండమని తులసి మరీ మరీ చెప్పింది. అతను "ఆయ్" అన్నాడు. ఆమె తాళ్ల కోసం అల్లవరం వెళ్లింది.

పిట్టలు నీడ వెతుక్కునే వేళకి సత్యానందం చిట్టచివరి దిబ్బ మీద ఉన్నాడు. పిట్ట కుంటింది. అతను ఎదురు నడిచాడు. మూడు గుడ్లు. చుట్టూ చూశాడు. శుభ్రమైన ఇసుక. తలమీది తువ్వాలు పెడితే గాలికి ఎగిరిపోతుంది.

కాళ్లకి నీలం చెప్పులున్నాయి. కూతురు కువైట్ నుంచి పంపింది. ఏడాది పెట్టెలో దాచుకుని, నెల కిందటే తీశాడు. పొట్టికాలికి సరిపోయేలా ఎడమదానికి అడుగున ఇంకో అట్ట వేయించాడు. అది విప్పితే నడవలేడు. కుడిది విప్పి, పది అడుగులు కొలిచి, మొన గూటివైపు తిప్పి పెట్టాడు.

ఇసుక పెనంలా ఉంది. తోట అంచుకి చేరి సరుగుడు చెట్టుకి ఆనుకున్నాడు. పిట్ట నాలుగడుగులు పరిగెత్తి, ఆగి, మళ్లీ పరిగెత్తి గూటి మీద కూర్చుంది. అది కూర్చునేదాకా చూశాడు.

నాలుగింటికి తులసి వచ్చేసరికి అతను అలాగే సముద్రం వైపు చూస్తున్నాడు. బొబ్బలెక్కిన అరికాలి మీద చీమ నడుస్తోంది. అతను కాలు కదపలేదు.

ఊళ్లోంచి మనుషులొచ్చి మోసుకెళ్లారు. రెండో చెప్పు కెరటాలు లాక్కుపోయి ఉంటాయని వాళ్లలో ఒకరన్నారు. వాళ్లు వెళ్లాక, తులసి చెట్టు దగ్గర్నుంచి అతని అడుగుల్ని వెనక్కి పట్టుకుని నడిచింది. ఒకటి చెప్పు అడుగు, ఒకటి వట్టి పాదం. దిబ్బ మీద నీలం చెప్పు కనిపించిన చోట ఆగి, మొన చూపినవైపు పది అడుగులు వేసింది. తర్వాత కూర్చుని కాసేపు ఏడ్చింది. చీకటి పడేలోగా తాళ్లు కట్టేసింది.

తెల్లారి అరవై మందీ వచ్చారు. చివరి దిబ్బ దగ్గర ఒకావిడ, ఎంత శుభ్రం చేసినా ఇంకా ఇదొకటి మిగిలిందే అంటూ తాడు కిందనుంచి చెయ్యి చాపింది.

"దాన్ని ముట్టుకోకండి," అంది తులసి. "అది అక్కడే ఉండాలండీ."

వాళ్లు ముందుకి కదిలారు. నీలం చెప్పు సగం ఇసుకలో కూరుకుని, మొన తూర్పుకి తిరిగి, అక్కడే ఉంది.